సెల్ఫ్ బరువెక్కితే బ్యాటరీ మార్చకు: ఆర్మీ డిస్పోజల్ ట్రక్కును చలికి సిద్ధం చేయడం

ప్రశ్న: "అన్నా, మాది జడ్చర్ల. ఆర్మీ వేలంల పాత స్టాలియన్ 4×4 తీసుకున్న, 24 వోల్టుల బండి. డిసెంబరుల పొద్దుగాల సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, ఎండ ఎక్కినంక మంచిగనే అందుకుంటది. వచ్చే నవంబరు చివర్ల దోస్తులతోని 44 హైవే పట్టుకొని శ్రీనగర్, ఆడికెళ్లి కార్గిల్ దాకా పోవాలని ఉంది. ఒక షాపాయన 180 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీ దాచుకునే కరెంటు లెక్క) బ్యాటరీలు వెయ్యమన్నడు. ఇంకొకాయన మొత్తం 12 వోల్టులకు మార్చితే స్పేర్లు సులువుగ దొరుకుతయ్ అన్నడు. ఏది చెయ్యాలె?"

తమ్మీ, రెండూ చెయ్యకు. జడ్చర్లలో డిసెంబరు పొద్దున ఉండే 12, 13 డిగ్రీలు డీజిల్ ఇంజనుకు చలి కానే కాదు. ఆ మాత్రానికే సెల్ఫ్ బరువెక్కుతోందంటే బ్యాటరీకీ సెల్ఫ్ మోటరుకూ నడుమ ఎక్కడో వోల్టులు పోతున్నాయి. ఎండెక్కితే ఆయిల్ పల్చబడుతుంది, ఆ లోపం కనబడకుండా పోతుంది. కార్గిల్, ద్రాస్ దిక్కు రాత్రి సున్నాకు 15, 20 డిగ్రీలు కిందికి దిగే చోట అట్లా పోదు. అక్కడ మంచి బ్యాటరీ కూడా మన దగ్గర ఇచ్చే తిప్పుడు బలంలో సగం కూడా ఇవ్వదు, చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజను మాత్రం రెండింతల పైన అడుగుతుంది. అట్లాంటప్పుడు దారిలో పోయే ఒక్కో అర వోల్టూ లెక్కకు వస్తుంది. పెద్ద బ్యాటరీ వేస్తే ఆ కారడం ఆగదు.

అందుకే పైసలు ఖర్చు పెట్టే ముందు ఒక పొద్దున మల్టీమీటరుతో కూర్చో. బండి రాత్రంతా ఆగి ఉండాలి. ముందు రెండు బ్యాటరీలనూ విడివిడిగా చూడు. ఒక్కొక్కటి 12.6 వోల్టులు చూపించాలి. 12.4 కన్నా తక్కువుంటే ఛార్జింగ్ పెట్టి, మర్నాడు కొలవాలి. సగం దిగిన బ్యాటరీతో చేసిన టెస్టుకు విలువ లేదు. తర్వాత ఇంజను అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకొమ్మని ఒకరికి చెప్పి, ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టించు. ఆ ఐదారు సెకన్లలోనే మీటరు చూడాలి. ప్రతి కొలతకూ మళ్ళీ కొట్టాలి, నడుమ నిమిషమన్నా ఆగాలి.

మొదటి కొలత రెండు బ్యాటరీల మీద కలిపి. మన దగ్గరి చలిలో 20 వోల్టుల కిందికి పోకూడదు. రెండోది ఒక్కో బ్యాటరీ మీద విడిగా. ఒకటి 10.6 దగ్గర నిలబడి ఇంకొకటి 9కి పడిపోతే, పోయింది ఆ రెండోదే. మూడోది బ్యాటరీ ప్లస్ దిమ్మె నుంచి సెల్ఫ్ మోటరు మీది లావు బోల్టు దాకా. మీటరు ముల్లు క్లాంపు మీద కాదు, సీసపు దిమ్మె మీదే ఆనించు, లేకపోతే క్లాంపులో పోయే వోల్టులు లెక్కలోకి రావు. ఇక్కడ అర వోల్టు దాటకూడదు. నాలుగోది బ్యాటరీ మైనస్ దిమ్మె నుంచి సెల్ఫ్ మోటరు బాడీకి, ఇదీ అర వోల్టు లోపే. ఐదోది సెల్ఫ్ మీది సోలినాయిడ్ (మోటరుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) రెండు లావు బోల్టుల నడుమ. 0.3 దాటితే లోపలి రాగి కాంటాక్టులు కాలాయని అర్థం. ఆరోది సోలినాయిడ్ చిన్న టెర్మినల్ నుంచి బాడీకి. బ్యాటరీ దగ్గర 21 ఉండి ఇక్కడ 17 వస్తే తాళం స్విచ్ దారి అరిగిపోయింది. మెయిన్ కటాఫ్ స్విచ్ ఉంటే దాని రెండు కొసల నడుమ కూడా కొలువు. మామూలు షాపుల్లో దొరికే చవక కటాఫ్‌లు ఈ కరెంటు మొయ్యలేవు. 300 ఆంపియర్లు ఆగకుండా, 1000 దాకా కొన్ని సెకన్లు తట్టుకునేది కావాలి.

ఇట్లాంటి బండ్లలో నాలుగో కొలతే ఎక్కువగా పట్టిస్తుంది, అంటే ఎర్తు. కారణం పెయింటు. ఆర్మీలో ఓవర్‌హాల్ అయిన ప్రతిసారీ ఛాసిస్‌కు పచ్చ రంగు కొడతారు. ఎర్తు లగ్గు (తీగ కొసకు నొక్కి, బోల్టుకు బిగించే రాగి ముక్క) విప్పి, రంగేసి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించి ఉంటారు. పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం బోల్టు మరల (థ్రెడ్ల) గుండానే పోవాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజనుకూ ఛాసిస్‌కూ నడుమ అల్లిక రాగి పట్టీయే దారి. అది సగం తెగి, ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలేటర్ కేబుల్, గేరు రాడ్డు, ప్రొపెల్లర్ షాఫ్టు ఏది దొరికితే దాని గుండా పోతుంది. సెల్ఫ్ నాలుగైదు సార్లు కొట్టాక ఏదైనా కేబుల్ వేడిగా తగిలితే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

బాగు చెయ్యడం సులువే. బ్యాటరీ మైనస్ తీగను ఛాసిస్‌కు కాకుండా నేరుగా సెల్ఫ్ మోటరు బిగించే బోల్టుల్లో ఒకదానికి తీసుకుపో. అక్కణ్నించి ఛాసిస్‌కు ఒక అల్లిక పట్టీ, క్యాబిన్‌కు ఇంకొకటి. ప్రతి చోటా రూపాయి బిళ్ళకు రెండింతల మేర రంగు గీకి ఇనుము మెరిసేదాకా రుద్దు. నక్షత్రపు వాషరు వేసి బిగించాక పైన గ్రీజు పూయి. ముందే గ్రీజు పూసి బిగించేవాళ్లు ఉన్నారు, పల్చగా పూస్తే నష్టం లేదు. బిగించాక రంగు కొట్టుకోవచ్చు.

ఇక కేబుళ్లు. బ్యాటరీ పెట్టె నుంచి సెల్ఫ్ దాకా రాను పోను కలిపి 6 మీటర్లు అనుకుందాం. సెల్ఫ్ తిరిగేటప్పుడు 400 ఆంపియర్లు లాగితే 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 1.2 వోల్టులు తీగలోనే పోతాయి. 70 వేస్తే 0.6 పోతాయి. కాబట్టి 70 వెయ్యి. 95 వేసినా తప్పు లేదు కానీ వంచడం కష్టం, లగ్గులు పెద్దవవుతాయి, లాభం పావు వోల్టు కూడా ఉండదు. రెండు బ్యాటరీలను కలిపే చిన్న లింకు తీగ కూడా 70దే ఉండాలి. మొత్తం కొత్త కేబుల్ వేసి, ఈ జానెడు ముక్కను మాత్రం పాత సన్న తీగతో వదిలేసే బండ్లు చాలా ఉంటాయి. అదే కరెంటు దాని గుండా కూడా పోవాలని మరిచిపోతారు.

ఏ కేబుల్ తేవాలన్నది పరిమాణమంత ముఖ్యమే. మామూలు పీవీసీ తొడుగు గట్టి చలిలో కర్రలా బిగుసుకుంటుంది, ఆ స్థితిలో ఇంజను ఊగితే వంపు దగ్గర పగులుతుంది. వెల్డింగు వాళ్లు వాడే రబ్బరు తొడుగు కేబుల్, మార్కెట్లో హెచ్‌ఓఎఫ్‌ఆర్ అని అడిగితే ఇస్తారు, అది వేడికీ నూనెకూ తట్టుకుంటుంది, చలిలో మెత్తగా ఉంటుంది. రాగిది అడుగు, ఎందుకంటే అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా అదే నలుపు తొడుగులో అమ్ముతారు. కొస గీకి చూసి కొను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గాని, వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో గాని దొరుకుతుంది. నీ బండికి 8 మీటర్లు, 70 సైజు టిన్ను పూత రాగి లగ్గులు 10 తెచ్చుకో. బోల్టు రంధ్రం 10 ఎంఎంవి, 12 ఎంఎంవి రెండూ కలిపి తీసుకో, సెల్ఫ్ దగ్గర ఒక సైజు, బ్యాటరీ దగ్గర ఇంకో సైజు పడుతుంది. లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం 2 మీటర్లు చాలు.

లగ్గును సుత్తితో కొట్టి నొక్కొద్దు. హైడ్రాలిక్ క్రింపింగ్ మిషను ప్యానెల్ బోర్డులు చేసే ఎలక్ట్రికల్ షాపుల్లో ఉంటుంది, లగ్గుకు ఇంతని తీసుకుని నొక్కి ఇస్తారు. పొడవు కొలిచి తీసుకుపోతే గంట పని. టాంకా (సోల్డరింగ్) వెయ్యమని ఎవరన్నా చెబితే వద్దను. టాంకా పాకినంత మేర తీగ ఇనుపకడ్డీలా బిగుసుకుపోతుంది, అది ఆగిన చోట ఊపుకు తెగుతుంది. కేబుల్ ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు పడాలి, ఛాసిస్ రంధ్రం దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. సెల్ఫ్ కేబుల్‌కు ఫ్యూజు ఉండదు కాబట్టి అది ఇనుముకు రాసుకుంటే మంట ఖాయం.

12 వోల్టుల మాట. అదే సెల్ఫ్ బలం 12 వోల్టుల మీద కావాలంటే కరెంటు రెట్టింపు, 800 ఆంపియర్లు. అదే 70 కేబుల్‌లో 1.2 వోల్టులు పోతాయి, అదీ 12లోంచి. 24లో 0.6 పోయినదానితో పోలిస్తే నష్టం నాలుగింతలు. సెల్ఫ్, ఆల్టర్నేటర్, వైపర్ మోటరు, మీటర్లు అన్నీ మార్చాలి. స్పేర్ల కష్టం అసలు లేనే లేదు, హైవే మీద పోయే పెద్ద లారీలు చాలామటుకు 24 వోల్టులవే. చలికి బండి సిద్ధం చేసేవాడు 24ను వదులుకోవడం చేతిలో ఉన్న బలాన్ని పారేసుకోవడమే.

అయితే మొబైల్ ఛార్జరు, మ్యూజిక్ సిస్టం, వాకీటాకీల కోసం 12 కావాలి కదా. దానికి రెండు బ్యాటరీల నడుమ లింకు నుంచి తీగ లాగుతారు. నీ బండిలో కూడా అట్లా లాగి ఉందేమో ముందు చూడు, ఉంటే ఇవాళే తీసెయ్యి. అట్లా లాగితే కింది బ్యాటరీ ఒక్కటే దిగుతుంది. ఆల్టర్నేటర్‌కు రెండింటి మొత్తమే తెలుసు కాబట్టి 28 వోల్టులు చూసి నిండాయనుకుంటుంది. లోపల కింది బ్యాటరీ 13 దగ్గర అర్ధాకలితో ఉంటే, పైది 15 దగ్గర ఉడుకుతూ నీళ్లు పోగొట్టుకుంటుంది. ఏడాదిలో రెండూ పోతాయి, తప్పు కంపెనీదంటారు. 24 నుంచి 12కు దించే కన్వర్టరు 15 ఆంపియర్లది పెట్టు. ఇన్‌పుట్‌కు 10 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యి, తాళం తీస్తే ఆగిపోయేట్టు కలుపు.

బ్యాటరీల దగ్గర ఏహెచ్ ఒక్కటే చూడకు. చలిలో పనికొచ్చే అంకె సీసీఏ. మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు, 12 వోల్టుల బ్యాటరీ 7.2 కిందికి పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. నీ ఇంజనుకు ఒక్కోటి 700 నుంచి 800 సీసీఏ ఉన్న 130 లేదా 150 ఏహెచ్ లారీ బ్యాటరీలు జత సరిపోతాయి. మన దగ్గర లేబుల్ మీద సీసీఏ వెయ్యని బ్యాటరీలు ఉంటాయి, డీలరును కంపెనీ షీటు అడుగు. రెండూ ఒకే మోడల్, ఒకే నెలలో తయారైనవి ఉండాలి. కొత్తదీ పాతదీ కలిపితే పాతది కొత్తదాన్ని కూడా లాక్కుపోతుంది. ఇంట్లో ఖాళీగా ఉందని ఇన్వర్టర్ బ్యాటరీని ట్రక్కులో పెట్టేవాళ్లు ఉన్నారు. దాని లోపలి ట్యూబులర్ ప్లేట్లు గంటల కొద్దీ కొంచెం కొంచెం ఇవ్వడానికి చేసినవి, ఒక్కసారిగా 400 ఆంపియర్లు అడిగితే కూలబడతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కూడా ఈ పనికి వద్దు. సున్నా కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు, లోపలి కంట్రోల్ బోర్డు ఛార్జింగును ఆపేస్తుంది. ఏజీఎం బ్యాటరీలు (యాసిడ్‌ను గాజు పీచు పీల్చుకుని ఉండేవి) మంచివే, ఖరీదు ఎక్కువ. నీకు తప్పనిసరి కాదు.

బ్యాటరీని అసలు పాడుచేసేది మన ఎండ. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో 44 డిగ్రీలు దాటే మే నెలలో బానెట్ కింద, బ్యాటరీ పెట్టెలో ఇంకా ఎక్కువ. లోపలి ప్లేట్ల తుప్పు వేడితో పెరుగుతుంది, నీరు ఆవిరవుతుంది. ఎండాకాలంలో సెల్ఫ్ సులువు కాబట్టి ఏమీ తెలీదు, దెబ్బ డిసెంబరులో బయటపడుతుంది. కాబట్టి బ్యాటరీలు ప్రయాణానికి నెల ముందు, అక్టోబరులో కొను. నీళ్ల సంగతి కూడా చెప్పాలి. బోరు నీళ్లు పొయ్యొద్దు. మన జిల్లాల బోరు నీళ్లలో ఉప్పులు, సున్నం, ఫ్లోరైడ్ ఎంత ఉంటాయో నల్లగొండ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అవన్నీ ప్లేట్లలోకే పోతాయి. డిస్టిల్డ్ వాటరే పోయ్యి. చలి ప్రాంతంలో అయితే ఛార్జింగ్ ఎక్కుతుండగా పోయ్యి. బండి ఆపేశాక పోస్తే నీళ్లు యాసిడ్‌తో కలవకుండా పైనే నిలిచి గడ్డకడతాయి.

గడ్డకట్టడం గురించి హైడ్రోమీటరు చెప్పినంత సూటిగా వోల్ట్ మీటరు చెప్పదు. నిండు బ్యాటరీలో గ్రావిటీ (హైడ్రోమీటరు చూపించే యాసిడ్ సాంద్రత) 1.265 ఉంటే మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. మన దగ్గర ఎండలకు తగ్గట్టు 1.240 దగ్గర నింపినవి ఉంటాయి, అదీ కార్గిల్‌కు సరిపోతుంది. యాసిడ్ కలిపి పెంచబోకు. 1.190కి దిగితే మైనస్ 23 దగ్గర, 1.155కి దిగితే మైనస్ 16 దగ్గర, పూర్తిగా దిగి 1.120 అయితే మైనస్ 8, 10 దగ్గరే గడ్డకడుతుంది. అంటే రాత్రి క్యాబిన్ లైటు మరిచిపోయి పడుకుంటే పొద్దునకు బ్యాటరీ పెట్టె పగిలి ఉండొచ్చు. ఆరు సెల్లుల్లో ఏ రెండింటి నడుమైనా 0.040 పైన తేడా ఉంటే ఆ బ్యాటరీ ఇక్కడే వదిలెయ్యి.

దొంగ కరెంటు కూడా చూసుకో. అన్నీ ఆపేసి, మైనస్ తీగ విప్పి మీటరు నడుమ పెట్టు. 50 మిల్లీ ఆంపియర్ల పైన లాగుతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పట్టుకో. పాత బండ్లలో తడిసిన లైటు స్విచ్, చచ్చిన సప్రెసర్ కండెన్సరు, ఆల్టర్నేటర్ డయోడు, ఈ మూడింట్లో ఒకటి అయి ఉంటుంది.

సెల్ఫ్ మోటరును విప్పించి ఒకసారి పూర్తిగా చూపించు. కార్బన్ బ్రష్‌లు, బుష్షులు, సోలినాయిడ్ కాంటాక్టులు. బుష్షులు అరిగితే ఆర్మేచర్ లోపల రాసుకుని కరెంటు మింగుతుంది, అది మనకు బ్యాటరీ నీరసంలా కనిపిస్తుంది. మేస్త్రికి ఒక మాట గట్టిగా చెప్పు: బెండెక్స్‌కు (పినియన్ అనే పళ్ల చక్రాన్ని ఇంజను వైపు జరిపే భాగం) బేరింగ్ గ్రీజు దట్టంగా పెట్టొద్దు. ఇక్కడ అది పని చేస్తుంది, మైనస్ 15లో మైనంలా గడ్డకట్టి పినియన్ ముందుకు రాదు. మోటరు గిర్రున తిరుగుతుంది, ఇంజను కదలదు. స్ప్లైన్లను (పినియన్ జారే షాఫ్టు గాళ్లను) డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, చలికి పనికొచ్చే పల్చటి లిథియం గ్రీజు వేలికి అంటినంత రాస్తే చాలు. సోలినాయిడ్ మీటకు తాళం స్విచ్ నుంచి నేరుగా కాకుండా, సెల్ఫ్ దగ్గర 24 వోల్టుల భారీ రిలే పెట్టు. తాళం ఆ రిలేను లేపుతుంది, రిలే 6 చదరపు మిల్లీమీటర్ల తీగతో సోలినాయిడ్‌కు కరెంటు ఇస్తుంది. ఆరో కొలత తప్పిన బండ్లకు ఇదొక్కటే మందు.

ఛార్జింగ్ వైపు వద్దాం. నీ బండికి ఆల్టర్నేటర్ ఉంటుంది. శక్తిమాన్ ఆర్మీ ట్రక్కు లాంటి ఇంకా పాత బండి ఉన్నవాళ్లు చదువుతుంటే, డైనమో, కటౌటు పెట్టె (దాని పాత రెగ్యులేటర్) ఉన్న బండిని చలికి తీసుకుపోవద్దు. డైనమో ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. 24 వోల్టుల 45 లేదా 65 ఆంపియర్ల లారీ ఆల్టర్నేటర్, బ్రాకెట్‌తో వెయ్యాలి. పాత కటౌటు పెట్టెను పూర్తిగా తీసెయ్యాలి, మధ్యలో వదిలితే కొత్తదాన్ని కాలుస్తుంది. బెల్టు పుల్లీలు ఒకే గీతలో ఉండాలి. ఆల్టర్నేటర్ మీది డి ప్లస్ టెర్మినల్ నుంచి డాష్‌బోర్డు హెచ్చరిక బల్బుకు పోయే తీగకు 24 వోల్టుల 3 వాట్ల ఫిలమెంట్ బల్బే ఉండాలి. ఆల్టర్నేటర్ మొదట మేలుకోవడానికి కావలసిన కరెంటు ఆ బల్బు గుండానే వస్తుంది. దాన్ని ఎల్‌ఈడీ చేస్తే ఇంజను గట్టిగా రేసు చేసేదాకా ఛార్జింగ్ మొదలవదు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 16 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ కొస దగ్గర 100 ఆంపియర్ల మెగా ఫ్యూజు. ఇంజను నడుస్తుండగా కటాఫ్ తిప్పితే డయోడ్లు పోతాయి, క్లీనరుకు కూడా ఇది చెప్పి ఉంచు.

రెగ్యులేటర్ ఛార్జింగ్ వోల్టులను ఎంత దగ్గర ఆపాలన్నది చలికీ ఎండకూ ఒకటి కాదు. సెల్లుకు డిగ్రీకి 4 మిల్లీవోల్టుల లెక్కన 12 సెల్లులకు డిగ్రీకి సుమారు 0.05 వోల్టు. జడ్చర్ల మే నెలకు 27.8 చాలు, మామూలు రోజులకు 28.2. లెక్క ప్రకారం మైనస్ 10కి దాదాపు 30 కావాలి. అంత పెట్టకు, బల్బులు మాడతాయి, మధ్యాహ్నం ఎండలో బ్యాటరీ ఉడుకుతుంది. సర్దుబాటు ఉన్న రెగ్యులేటర్ వేసుకుని శ్రీనగర్ దాటాక 28.8కి తిప్పు, తిరిగి వచ్చేటప్పుడు నాగ్‌పూర్ లోపే దించు. మరిచిపోయే మనిషివైతే బ్యాటరీ మీద అంటించే ఉష్ణోగ్రత సెన్సరున్న రెగ్యులేటర్ కొను. చల్లబడ్డ బ్యాటరీ ఛార్జింగ్ మెల్లగా తీసుకుంటుందని కూడా గుర్తుంచుకో. పొద్దున స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు నడిపి ఆపేస్తే వాడింది తిరిగి రాదు, గంట పైనే నడవాలి.

స్టార్టింగ్‌కు సాయం. నేరుగా సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఈ తరహా లారీ ఇంజన్లకు గ్లో ప్లగ్గులు (సిలిండరు లోపల వేడి పుట్టించేవి) ఉండవు, గాలి లోపలికి పోయే గొట్టంలో హీటరు పెట్టాలి. 24 వోల్టుల 1.8 కిలోవాట్ల గ్రిడ్ హీటరు 75 ఆంపియర్లు లాగుతుంది. దానికి బ్యాటరీ నుంచి 25 చదరపు మిల్లీమీటర్ల తీగ, 100 ఆంపియర్ల ఫ్యూజు, ఆ కరెంటును ఆగకుండా మొయ్యగలిగే కాంటాక్టరు (భారీ రిలే) కావాలి. 40 ఆంపియర్ల మామూలు రిలేలు రెండు జంటగా వేసేవాళ్లు ఉన్నారు, ముందు ఒకటి అతుక్కుంటుంది, హీటరు ఆరకుండా రాత్రంతా మండుతుంది. 25 సెకన్ల టైమరు తప్పనిసరి. హీటరు ఆపాక ఐదు సెకన్లు ఆగి సెల్ఫ్ కొట్టు, బ్యాటరీ కొంచెం తేరుకుంటుంది. గ్రిడ్ హీటరు ఉన్న బండిలో ఈథర్ స్ప్రే (స్టార్టింగ్ కోసం గాలి గొట్టంలోకి కొట్టే, ఇట్టే అంటుకునే ద్రవం) కొట్టావంటే గొట్టంలోనే పేలుతుంది. డబ్బా బండిలో ఉంటే ఎవరో ఒకరు కొడతారు, కాబట్టి తీసుకుపోనే వద్దు.

ఇంతకన్నా మేలైంది డీజిల్‌తో మండే కూలెంట్ హీటరు, 24 వోల్టుల 5 కిలోవాట్లది. ముప్పావు గంట ముందు పెడితే ఇంజను గోరువెచ్చగా అయి, సెల్ఫ్ జడ్చర్లలో తిరిగినట్టే తిరుగుతుంది. వెలిగేటప్పుడు పది ఆంపియర్ల చుట్టూ లాగుతుంది, తర్వాత తక్కువ. చూసుకోవాల్సింది ఎత్తు. శ్రీనగర్ నుంచి కార్గిల్ పోయే దారిలోని జోజిలా కనుమ 3,528 మీటర్లు. పల్చటి గాలిలో చవక హీటర్లు మసి పట్టి ఆరిపోతాయి. ఎత్తుకు తగ్గట్టు డీజిల్ తగ్గించే సర్దుబాటు ఉందో లేదో అడిగి కొను. పొగ గొట్టం క్యాబిన్ కిందికి కాకుండా పక్కకు పోవాలి, లోపల పడుకునే మనుషులున్నారు.

వైరింగ్ ఎంత మంచిగా చేసినా మూడు విషయాలు తప్పితే బండి కదలదు. 20డబ్ల్యూ-40 ఆయిల్ తీసి 10డబ్ల్యూ-40 పోయ్యి. రేడియేటరులో ఉత్త నీళ్లు కాకుండా కూలెంట్, నీళ్లు సగం సగం, అది మైనస్ 35 దాకా కాస్తుంది. ఇక డీజిల్. మన బంకుల డీజిల్ చలిలో మైనం కట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లడాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్ మొదలుపెట్టింది. ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకుని పైకి పోయి అక్కడి డీజిల్ నింపుకో, అది ఫిల్టరు దాకా వచ్చేట్టు పది కిలోమీటర్లు నడిపాకే రాత్రికి ఆపు.

లైట్ల వైరింగులో ఎక్కువ కెలక్కు. ఆర్మీ తీగల మీద నంబరు తొడుగులు ఉంటాయి, అవి ఉన్నంతవరకు పాత వైరింగ్ దొరికిన వరమే. కాన్వాయ్ లైట్ల (రాత్రి వరసగా పోయేటప్పటి మసక లైట్ల) స్థానం ఉన్న పాత తిప్పుడు స్విచ్ ఉంటే ఉంచుకో, కానీ దాని గుండా హెడ్‌లైట్ కరెంటు పోకుండా రిలేలు పెట్టు. రిలే కాళ్ల మీది నంబర్లలో 30కి బ్యాటరీ, 87కి లైటు, 85 ఎర్తు, 86కి పాత స్విచ్ తీగ. కొన్ని బండ్లలో కాన్వాయ్ స్థానంలో బ్రేకు లైటు, హారన్ పనిచేయవు, పాడైందని వైరింగంతా విప్పకముందు స్విచ్ ఎక్కడుందో చూడు. చిలుమెక్కిన పాత ఫ్యూజు పెట్టె బదులు మూతున్న బ్లేడు ఫ్యూజు పెట్టె, 12 దార్లది. హెడ్‌లైట్లకు హాలోజెన్ బల్బులే ఉంచు. ఎల్‌ఈడీ ముందువైపు వేడి ఇవ్వదు, మంచు పడితే అద్దం మీద అట్లాగే పేరుకుంటుంది.

బ్యాటరీ పెట్టెకు లోపల అన్ని వైపులా 25 ఎంఎం ఫోము పలక, అడుగున రబ్బరు మ్యాటు. పైన గాలి పోయే రెండు రంధ్రాలు మాత్రం మూయకు, ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది. పగలంతా నడిచి వెచ్చబడ్డ బ్యాటరీ ఫోము పెట్టెలో తెల్లవారేసరికి బయటి గాలి కన్నా చాలా డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఇక్కడికి తిరిగి వచ్చాక మార్చి లోపే ఆ ఫోము తీసెయ్యి, మన ఎండలో అదే బ్యాటరీని ఉడకబెడుతుంది.

అన్నీ అయ్యాక మళ్ళీ ఆ ఆరు కొలతలూ తీసి కాగితం మీద రాసి బండిలో పెట్టుకో. ఒక రాత్రి హెడ్‌లైట్లు గంట సేపు వేసి ఆపేసి, పొద్దున హీటరు లేకుండా సెల్ఫ్ కొట్టు. ఆ దిగిన బ్యాటరీతో ఇక్కడ చురుగ్గా తిరిగితేనే పైకి పో. అక్కడ అందుకోకపోతే పది సెకన్ల కన్నా ఎక్కువ కొట్టకు, రెండు నిమిషాలు ఆగు. మూడు సార్లకు కాకపోతే కారణం వెతుకు. జంప్ తీసుకోవాల్సి వస్తే 24 వోల్టుల లారీ నుంచే తీసుకో, కారు నుంచి కాదు. ముందు బ్యాటరీ మూతలు తీసి లోపల గడ్డకట్టిందేమో చూడు, గడ్డకట్టినదానికి కరెంటు ఇస్తే పగులుతుంది. ప్లస్ నుంచి ప్లస్‌కు, మైనస్‌ను నీ ఇంజను బాడీకి కలిపి, ఆ లారీని పదిహేను నిమిషాలు నడవనిచ్చి అప్పుడు కొట్టు.